ఒంటి తుమ్ము శాఖ

మా పొగడవరం పురపాలక సంఘంలో నేను జనన మరణాల విభాగం గుమాస్తాని. పేరు పానకాలు. మా విభాగంలో రెండు బల్లలున్నాయి. మరణాల బల్ల దగ్గర ఎప్పుడూ రద్దీ. జననాల బల్ల మీద నేను అన్నం క్యారేజీ పెట్టుకుంటాను. ఊళ్ళోవాళ్ళకి పిల్లలు పుట్టక కాదు. రంగులు వేయించాలని చెప్పి మా పురపాలక ప్రసూతి కేంద్రానికి ఆరేళ్ళ కిందట తాళం వేశారు. రంగులూ వేయలేదు, తాళమూ తీయలేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో తేల్చడానికి ఒక ఉపసంఘం మాత్రం వేశారు. అప్పట్నించీ నెలలు నిండిన ఆడవాళ్ళు పక్క ఊరు పోయి కంటున్నారు. పుట్టుకేమో ఆ ఊరి లెక్కలోకి పోతుంది. చావడానికి మాత్రం జనం ఇంటికే వస్తారు కాబట్టి అది మా లెక్క.

పాత రిజిస్టర్ల దుమ్ముకి ఈ ఉద్యోగంలో చేరిన ఏడాదే నాకు తుమ్ములు పట్టుకున్నాయి. తుమ్ములు కూడా మామూలువి కావు. వీధి చివర కుక్క లేచి నిలబడుతుంది. అక్క నాంచారమ్మ పెళ్ళిలో ముహూర్తం దగ్గర పడుతుంటే నన్ను ఐసు తెమ్మని పంపించారు. తెచ్చాను. ఇంకో దిమ్మ తెమ్మని పంపించారు. మూడు పెళ్ళిచూపుల్లో తుమ్మాను. నాలుగోవాళ్ళు కబురు పెట్టలేదు. బావ పోయాక అక్కా, మేనకోడలు ఝాన్సీ నా దగ్గరికే వచ్చేశారు కాబట్టి ఇల్లు బోసిపోకుండా ఉంది. పసిపిల్ల తుమ్మితే పెద్దవాళ్ళు "చిరంజీవ" అంటారు కదా. ఝాన్సీకి మాటలొచ్చిన కొత్తలో ఎవరు తుమ్మినా అలాగే అనాలనుకుంది. నేను తుమ్మగానే పరిగెత్తుకొచ్చి నా మోకాలి మీద చెయ్యేసి "చిలంజీవ మావయ్యా" అనేది. నా తుమ్ముకి నోరారా ఓ మంచి మాట అన్న మనిషి ఈ భూమ్మీద అదొక్కతే.

పోయిన వేసవిలో పైనుంచి కాగితం వచ్చింది. జనాభా ఇలాగే తగ్గితే పొగడవరాన్ని మళ్ళీ పంచాయతీ చేసేస్తామని దాని సారాంశం. పంచాయతీ అయితే ఛైర్మనుండడు, కమిషనరుండడు, కమిషనరు గారి కారుండదు. ఊరు ఖాళీ అవుతున్నప్పుడు కలగని ఆందోళన ఆఫీసులో అప్పుడు కలిగింది.

ముందుగా ఊరి మొదట్లో మనిషెత్తు ఎర్ర అక్షరాలతో 'ఐ లవ్ పొగడవరం' అని నిలబెట్టారు. ఊరొదిలి పోయేవాళ్ళు బస్సు ఆపించి, దాని ముందు ఫోటోలు దిగి మరీ పోయారు. తరవాత రాజధాని నుంచి ఒక సలహాదారుని పిలిపించారు. చిన్న పట్టణాల్లో జనం నిలవాలంటే ఏం చేయాలో ఆయన తెర మీద రంగురంగుల బొమ్మలేసి చూపించాడు. చివర్లో ఛైర్మన్ బసవపున్నయ్య గారు మర్యాదకి, "ఈ పూట మా ఊళ్ళో ఉండకూడదుటండీ?" అన్నారు.

"ఇక్కడెలా ఉంటామండీ?" అని ఆయన నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఇక ఛైర్మన్ గారే రాజధానికి పోయి పెద్దల కాళ్ళు పట్టుకోవాలని తీర్మానం చేశారు. ఆయన కండువా సవరించుకుని సభామందిరం గడప దాటబోతుండగా సంతకం కోసం నేను పాత రిజిస్టరొకటి పట్టుకుని ఎదురొచ్చాను. రిజిస్టరు దులిపాను. తుమ్మాను.

ఛైర్మన్ గారు గాల్లో ఉన్న కాలు వెనక్కి తీసుకుని, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళడిగారు.

"ఏమైందండీ?" అన్నారు కమిషనర్ కులశేఖర్ గారు.

"తుమ్మాడు కదండీ. అదీ ఒంటి తుమ్ము."

"మీకు అలాంటి నమ్మకాలున్నాయా?"

"అబ్బే, నమ్మకమని కాదండీ. ఎందుకొచ్చిన గొడవ?"

కమిషనర్ గారు సభ్యులందరి వైపూ తిరిగారు. "మీలో తుమ్ముని నమ్మేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. చదువుకున్న ఊరు మాది. "సరే, తుమ్మాక కూడా బయల్దేరేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. అప్పుడూ ఒక్క చెయ్యి లేవలేదు. కమిషనర్ గారు నా ముక్కు వైపు చాలాసేపు చూశారు. పాతికేళ్ళ సర్వీసులో ఒక పై అధికారి నన్ను అంత ప్రేమగా చూడటం అదే మొదలు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. దాన్ని నేనే టైపు చేశాను కాబట్టి కంఠతా వచ్చు. "పట్టణ మానవ వనరుల బహిర్గమనమును అరికట్టుటకుగాను, అత్యల్ప వ్యయముతోను, స్థానిక సంస్కృతీ సంప్రదాయముల కనుగుణముగాను, ప్రస్థాన నియంత్రణ మరియు జనాభా స్థిరీకరణ శాఖను ఇందుమూలముగా ఏర్పాటు చేయడమైనది. ప్రయాణోన్ముఖుడైన ప్రతి పౌరునికి తలకొక తుమ్ము చొప్పున మంజూరు చేయవలెను. నీళ్ళు త్రాగి తిరిగి బయలుదేరువారికి మరల ఒకటి వేయవలెను. అయితే వెంటవెంటనే రెండు తుమ్మరాదు. జంట తుమ్ము శుభశకునమని ప్రజలలో గాఢమైన అభిప్రాయమున్నందున, రెండవ తుమ్ము తీవ్ర క్రమశిక్షణోల్లంఘనగా పరిగణించబడును. అధికార వాహనములకు ఈ ఉత్తర్వు వర్తించదు."

ఆ చివరి వాక్యం ఎందుకంటే, మా కమిషనర్ గారితో సహా ఆఫీసర్లెవరూ పొగడవరంలో ఉండరు. జిల్లా కేంద్రంలో ఉంటారు. సాయంత్రం ఐదింటికి ఊరు నిలబెట్టే పని కట్టిపెట్టి, కార్లెక్కి వెళ్ళిపోతారు.

అంత పెద్ద పేరు ఎవరికి నోరు తిరుగుతుంది? జనం దాన్ని ఒంటి తుమ్ము శాఖ అన్నారు. శాఖ అన్నాక ఆఫీసు కావాలి. ఆరేళ్ళుగా దొరకని ప్రసూతి కేంద్రం తాళంచెవి ఆ మధ్యాహ్నమే ఉపసంఘం అధ్యక్షుడి సొరుగులో దొరికింది. మంచాలు గోదాములో పడేశారు. గోడలకి రంగులు కూడా వేశారు. నన్ను ముఖ్య తుమ్ము పర్యవేక్షకుణ్ణి చేసి, పూలదండ వేసి, శాలువా కప్పారు. పాత రిజిస్టర్లన్నీ నా ముక్కుకి సాధన కోసమని నా గదిలోనే పేర్చారు. అబద్ధమెందుకు, నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. శుభమా అని ఓ పని మొదలుపెడుతూ నన్ను లోపలికి పిలవడం నా జన్మలో అదే మొదటిసారి.

ప్రారంభోత్సవానికి ఝాన్సీ కూడా వచ్చింది. నర్సింగు పూర్తి చేసి అప్పటికి ఏడాదిగా ఖాళీగా ఉంది. గదులన్నీ తిరిగి చూసింది.

"గోడలకి తెల్లరంగు బాగా వేశారు మావయ్యా. పంపు కూడా పెట్టారే. మంచాలేయి?"

"గోదాంలో పెట్టించారే."

"నేను నర్సింగు చదివింది ఈ గదిలో పనిచేద్దామని" అంది. అని, నా శాలువా భుజం మీద సరిగ్గా సర్దింది. ఆ మాట నాకు గుచ్చుకుంది. కాకపోతే అప్పుడే ఫోటోగ్రాఫరు నన్ను నవ్వమన్నాడు.

నియామకాలు జోరుగా జరిగాయి. దరఖాస్తుదారు నిజంగా తుమ్మగలడని డాక్టరు సర్టిఫికెట్ జత చేయాలి. దొంగ తుమ్ములు చెల్లవని ఊళ్ళో పెద్దలు ముందే తేల్చేశారు. నోటితో 'హాచ్' అంటే శకునం కాదుట, ముక్కు దానంతటది తుమ్మాలిట. ఛైర్మన్ గారి బావమరిది ఇంటర్వ్యూలో ఎంత ప్రయత్నించినా దగ్గే వచ్చింది, అయినా సెలెక్టయ్యాడు. ముక్కుపొడుం సరఫరాకి టెండర్లు పిలిచారు. అందరికన్నా తక్కువకి పాడినవాడి పొడుం పీలిస్తే ఆవలింతలొచ్చాయి. రెండోవాడి సరుకు మాత్రం దివ్యంగా పనిచేసింది. ఊరి జనం ఎవరికి వారే రెండో తుమ్ము తుమ్ముకోకుండా కొట్లలో ముక్కుపొడుం అమ్మకం నిషేధించి, బస్తాల్ని భద్రత కోసం కమిషనర్ గారి కారు డిక్కీలో దాచారు.

ఇక చూడండి. బస్టాండులో ప్రతి ప్లాట్‌ఫారం దగ్గరా మా మనిషి. బస్సు కదలబోయే ముందు ఒక్కటే తుమ్ము. సామాన్లు దిగిపోయేవి. జనం తిట్టుకుంటూ, నీళ్ళు తాగుతూ, 'నమ్మకమని కాదనుకోండి' అని పక్కవాళ్ళకి చెప్పుకుంటూ ఇళ్ళకి పోయేవారు. సందుల్లోంచి తప్పించుకునేవాళ్ళ కోసం బడిపంతుళ్ళని సాయంత్రాలు డెప్యుటేషన్ మీద వేశారు. బయల్దేరినవాణ్ణి 'ఎక్కడికి?' అని అడగటమే వాళ్ళ పని. గడప దాటిన మనిషిని ఎక్కడికని అడిగాక పని చెడిందన్నమాటే కదా. పిల్లుల్ని కూడా ఎదురు పంపిద్దామని చూశారు గానీ, పిల్లి ప్రభుత్వం చెప్పినట్టు నడిచే జంతువు కాదని తేలింది.

ఉన్నవాళ్ళు నిలిచారు. కొత్తవాళ్ళు రావడం అంతకన్నా తేలికైంది. ఒకసారి వచ్చినవాడు మళ్ళీ వెళ్ళలేడు కదా! తణుకు నుంచి పెళ్ళికొచ్చిన మగపెళ్ళివారు కల్యాణమండపంలోనే ఉండిపోయారు. భోజనాల హాలుకి డోరు నంబరు ఇచ్చి అందర్నీ స్థానికులుగా నమోదు చేశాం. పెళ్ళికొడుకు తాతగారు వార్డు సమస్యల మీద అర్జీలు కూడా పెట్టడం మొదలెట్టాడు. ప్రెషర్ కుక్కర్లు అమ్ముకునేందుకు వచ్చిన కుర్రాడు బస్టాండులోనే దుకాణం తెరిచి, ఆగిపోయినవాళ్ళకి అందులోనే అన్నం వండిపెట్టాడు. ఆడిట్‌కి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు మాత్రం అధికార వాహనంలో వచ్చారు కాబట్టి బతికిపోయారు. నొప్పులొచ్చిన ఆడవాళ్ళని కూడా సర్కారు అంబులెన్సు, అదీ అధికార వాహనమే కాబట్టి, ఎప్పట్లా పక్క ఊరికి చేర్చేది.

శీతాకాలానికి పొగడవరానికి రాష్ట్రంలోకెల్లా ఉత్తమ నివాసయోగ్య పట్టణమని అవార్డొచ్చింది. సభలో కమిషనర్ గారు, "ఒక్క పౌరుడు కూడా మమ్మల్ని విడిచి వెళ్ళడానికి ఇష్టపడటం లేదు" అని గద్గద స్వరంతో చెప్పారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఝాన్సీకి విశాఖపట్నంలో ఓ ప్రసూతి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

నేను ముహూర్తం చూసి పంపించాను. ప్లాట్‌ఫారం మీద ఛైర్మన్ గారి బావమరిది తుమ్మాడు. ఆర్నెల్ల శిక్షణ ఫలించి వాడికి జీవితంలో వచ్చిన మొదటి తుమ్ము అది. అక్క ఝాన్సీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ తుమ్ము.

"అమ్మా, జీతం తీసుకుని తుమ్మాడమ్మా వాడు! అదెట్టా శకునమవుద్దీ?" అని ఇంటికొచ్చి ఏడ్చింది ఝాన్సీ.

"జీతం తీసుకుని వడ్డించినా అన్నం అన్నమే కదే? మీ నాన్న పోయిన రోజున కూడా ఎవరో తుమ్మారు. కాదని బయల్దేరాడు. లారీ గుద్దేసింది" అంది అక్క. ఝాన్సీ కళ్ళు తుడుచుకుని పెట్టె గోడవారగా పెట్టేసింది. కన్నతల్లిని ఏడిపించి బస్సెక్కే పిల్ల కాదు అది.

ఆదివారం రాత్రి బస్సే ఆఖరిది. ఆ పూట నేను సెలవు పెట్టి, డ్యూటీలో ఎవర్నీ లేకుండా చేద్దామనుకున్నాను. శనివారం కమిషనర్ గారు నన్ను పిలిచారు.

"పానకాలు, మన నమూనాను అధ్యయనం చేయడానికి రేపు పొరుగు మునిసిపాలిటీల బృందం వస్తోంది. రాత్రి బస్సు దగ్గర ప్రదర్శన. నువ్వే స్వయంగా తుమ్మాలి. సరిగ్గా తుమ్మావా, గెజిటెడ్ హోదాకి రాస్తాను."

"ఆ బస్సుకి మా మేనకోడలు వెళ్తోందండీ. ఆ ఒక్క బస్సూ వదిలేస్తే..."

"ప్రజాసేవలో బంధుత్వాలేంటి? మినహాయింపులిస్తే సంస్థ నిలబడదు" అన్నారు ఆయన. అప్పుడు టైము ఐదైంది. అధికార వాహనం హారన్ కొట్టింది.

తుమ్మితే ఊడే ముక్కు ఉంటే ఎంత, పోతే ఎంత అంటారు. నా సంగతి తుమ్మకపోతే ఊడే ఉద్యోగం.

ఆదివారం రాత్రి బస్టాండు కిటకిటలాడుతోంది. నెలల తరబడి ఆగిపోయినవాళ్ళందరూ, ఆశ చావక, సంచులు పట్టుకుని రోజూ ఆ బస్సు దగ్గరికి వస్తారు. మగపెళ్ళివారు కూడా వచ్చారు. అధ్యయన బృందం కుర్చీల్లో కూర్చుంది. కమిషనర్ గారు ఆ పూట ఉండిపోయారు. ఝాన్సీ ఒక పెట్టె పట్టుకుని బస్సు మెట్టు దగ్గర నిలబడింది. అక్క దాని వెనకే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నన్ను చూసి అక్క మొహం తెల్లబోయింది.

"ఒరే తమ్ముడూ... నువ్వట్రా?"

శాఖ వాళ్ళిచ్చిన పొడుం పట్టు నా చేతిలో ఉంది. కమిషనర్ గారు తల ఊపారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. ఝాన్సీ మెట్టు మీద కాలు పెట్టింది. పీల్చకుండా తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ చేతిలో పొడుమూ, చుట్టూ బస్టాండు దుమ్మూ ఉంటే నా ముక్కు నా మాట వింటుందా? తుమ్మాను. బస్టాండు రేకులు మోగాయి.

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అధ్యయన బృందం చప్పట్లు కొట్టింది. అక్క చప్టా మీద కూలబడి పెట్టె వైపు చెయ్యి చాపింది. మామూలుగా ఆ క్షణంలో జనం నన్ను మా తాతల దాకా తిడతారు. ఝాన్సీ తిట్టలేదు. మెట్టు దిగి నా దగ్గరికొచ్చింది. దాని కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"చిరంజీవ మావయ్యా" అంది.

పాతికేళ్ళుగా నా వల్ల ఎవరి పని చెడినా తల వంచుకుని ఊరుకున్నవాణ్ణి. ఆ ఒక్క మాటకి మాత్రం ఉండబట్టలేకపోయాను. చేతిలో మిగిలిన పొడుమంతా రెండు ముక్కుల్లోకీ ఎగబీల్చాను.

"పానకాలూ! నిబంధన!" అని కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు.

రెండో తుమ్ము మొదటిదాన్ని మించింది. ముందు వరసలో అధ్యయన బృందం వాళ్ళ కాగితాలు ఎగిరిపోయాయి. ఆ తరవాత మగపెళ్ళివారి తాతగారు, "జంట తుమ్మురా! శుభం! ఎక్కండ్రోయ్!" అని కేకేశాడు. ఇక ఎవరాగుతారు? కిటికీల్లోంచి ఎక్కారు, నిచ్చెన మీంచి టాపు మీదికి ఎక్కారు. అధ్యయన బృందంలో ఇద్దరు కూడా, ఎందుకొచ్చిన గొడవ అని, ఎక్కేశారు. అక్క లేచి, కళ్ళు తుడుచుకుని, ఝాన్సీ నెత్తి మీద చెయ్యి పెట్టింది. "రెండు తుమ్మాడు కదా, ఇంకేం భయంలేదు. క్షేమంగా వెళ్ళి రావే" అంది. కిటికీలోంచి ఝాన్సీ నాకు చెయ్యి ఊపుతూ, "ఊళ్ళో పనుంటే, తరిమినా పోయేదాన్ని కాదు మావయ్యా!" అని అరిచింది. ఆ మాట కమిషనర్ గారికి కూడా వినబడింది.

మర్నాడు నాకు మెమో వచ్చింది. "తేదీ మీరిన రాత్రివేళ, ఉద్దేశపూర్వకముగా, సర్కారు వారి పొడుమును దుర్వినియోగపరచి, రెండవసారి తుమ్మి, పురపాలక సంఘ జనాభాకు అపార నష్టము కలిగించినందున మిమ్ములను తక్షణమే సస్పెండు చేయడమైనది" అని ఉంది అందులో. తేదీ మీరిన రాత్రివేళ అంటే ఏమిటో నాకిప్పటికీ తెలియదు. జవాబుగా 'తుమ్ము నిజమే, చింత లేదు' అని రాసిచ్చి ఇంట్లో కూర్చున్నాను.

రెండు నెలలు తిరిగేసరికి కమిషనర్ గారికి అదృష్టం వేరే దారిలో వచ్చింది. అవార్డు పుణ్యమా అని రాజధానిలో పెద్ద పదవికి బదిలీ అయ్యారు. వీడ్కోలు సభ చూడటానికి ఆయన భార్యా, అత్తగారూ జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. సభ అయ్యాక అందరూ కారెక్కబోతుండగా డ్రైవరు తుమ్మాడు. నెలల తరబడి డిక్కీలో ముక్కుపొడుం బస్తాలు మోసిన కారు అది. అధికార వాహనాలకి తుమ్ము వర్తించదని కమిషనర్ గారు వివరించారు. ఆ ఉత్తర్వు అత్తగారు చదవలేదు. దిగి, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కారు. మళ్ళీ తుమ్మాడు. ఎన్నిసార్లు బయల్దేరినా ఒక్కటే తుమ్ము.

చీకటి పడే వేళకి కమిషనర్ గారు మా అరుగు మీద ఉన్నారు.

"నాకు నమ్మకం లేదు పానకాలు గారూ" అన్నారు. 'గారూ' అనటం నేను గమనించాను.

"తెలుసండి."

"మా అత్తగారి కోసం... ఎందుకొచ్చిన గొడవ అని."

"అదీ తెలుసండి."

"డ్రైవరు తుమ్మగానే మీరొక రెండోది..."

మామూలుగా పై అధికారి అడిగితే కాదనే మనిషిని కాను. ఆ పూట ఎక్కడి ధైర్యమో వచ్చింది. "ముందు ప్రసూతి కేంద్రం ఖాళీ చేయించండి. మంచాలు తిరిగి వేయించండి. నర్సు పోస్టుకి కాగితం పెట్టండి. తరవాత తుమ్ముతాను" అన్నాను. ఆయన ఇంకా చార్జి అప్పగించలేదు కాబట్టి, మా అరుగు మీదే కాగితాలు తెప్పించి చకచకా సంతకాలు చేశారు. నా సస్పెన్షన్ కూడా నేనడక్కుండానే కొట్టేశారు. పొడుం తెచ్చారు. పీల్చాను. డ్రైవరు కూడా, అక్క కూడా, అత్తగారు కూడా నా మొహంలోకి చూస్తున్నారు.

రాలేదు.

ఇంకో పట్టు పీల్చాను. ఊహూ. నెలల తరబడి ఆ రిజిస్టర్ల దుమ్ముకి దూరంగా ఉండేసరికి నా ముక్కు అద్దంలా తయారైంది. ఏ వైద్యుడూ కుదర్చలేని రోగాన్ని సస్పెన్షన్ కుదిర్చింది.

"రేపు వస్తుందేమోనండీ" అన్నాను.

రేపటి వరకూ అని ఆయన మా వెనకిల్లు అద్దెకి తీసుకున్నారు. తెల్లవారి తువ్వాలు భుజాన వేసుకుని పెరటి గోడ మీంచి తొంగి చూశారు.

"పానకాలు గారూ, కుళాయిలో నీళ్ళెప్పుడొస్తాయి?"

"మీరే చెప్పాలండి."

ఆయన అప్పుడు కుళాయి వైపు చూసిన చూపు నేను మర్చిపోను. పదిరోజుల్లో మా వీధికి నీళ్ళొచ్చాయి. చీకట్లో అత్తగారి కాలు కాలవలో పడితే మర్నాడు వీధిదీపాలు వెలిగాయి. నాకా తుమ్ము రాలేదు, రాజధానిలో పదవి ఇంకొకాయనకి ఇచ్చేశారు, కమిషనర్ గారు ఉన్న పోస్టులోనే ఉండిపోయారు. ఒంటి తుమ్ము శాఖ అనేది ఉందని ఎవరూ గుర్తు చేయలేదు. నేను మళ్ళీ నా పాత బల్ల దగ్గరికే చేరాను. వెళ్ళాలనుకున్నవాళ్ళు హాయిగా వెళ్తున్నారు. చిత్రం, ఇదివరకంత మంది వెళ్ళడం లేదు. తణుకు తాతగారైతే మనవణ్ణి అక్కడే వదిలేసి, నీళ్ళు బావున్నాయని తిరిగొచ్చాడు.

మామిడికాయల రోజుల్లో ఝాన్సీ బస్సు దిగింది. ప్రసూతి కేంద్రంలో పోస్టు దానికే వచ్చింది. "ఒక ఏడాది చూస్తా మావయ్యా. మళ్ళీ తాళం వేశారో, నువ్వు నాలుగు తుమ్మినా ఆగను" అని ముందే చెప్పేసింది.

వారానికే, మా ఊళ్ళోనే కాపురం పెట్టేసిన కుక్కర్ల దుకాణం కుర్రాడి భార్యకి నొప్పులొచ్చాయి. ఊళ్ళో సగం మంది వరండాలోనే ఉన్నారు. కమిషనర్ గారు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. లోపల్నించి ఏడుపు వినబడింది. కాసేపటికి ఝాన్సీ తెల్లబట్టలో చుట్టిన ఆడపిల్లని తెచ్చి మాకు చూపించింది. ఆరేళ్ళ తరవాత పొగడవరంలో పుట్టిన మొదటి మనిషి. మమ్మల్నందర్నీ చూసి ముక్కు ముడిచి, బుల్లి తుమ్ము ఒకటి తుమ్మింది.

"చిరంజీవ!" అంది ఝాన్సీ. వరండా అంతా "చిరంజీవ! చిరంజీవ!" అన్నారు. నేనూ అన్నాను.

"ఒకటేనా?" అని కమిషనర్ గారు నా చెవిలో గొణిగారు. అంతలో పిల్ల రెండోది కూడా తుమ్మింది.

"జంట తుమ్మండీ. ఇంక మీరు నిక్షేపంలా బయల్దేరొచ్చు" అన్నాను.

ఆయన గడియారం చూసుకున్నారు. "ఇప్పుడా? కుళాయిలొచ్చే వేళ" అని ఇంటికేసి గబగబా నడిచారు.

నేను ఆఫీసుకి పోయి జననాల బల్ల మీంచి క్యారేజీ తీసేశాను.